కండె చుట్టిన చేతికి కూలి ఎంత?

శ్రామిక చట్టాలు, స్త్రీల సమానత్వం: వేటపాలెం నుంచి ఒక పరిశీలన

మా బ్రాంచిలో కోడ్ అంటే ఒకటి, పార్లమెంటులో కోడ్ అంటే ఇంకొకటి. మేము రాసిన కోడ్‌లో తప్పుంటే కంప్యూటర్ అప్పటికప్పుడు ఎర్ర గీత గీసి చూపించేస్తుంది. పార్లమెంటు రాసిన కోడ్‌లో ఎక్కడ ఖాళీ ఉందో చూపించే ఎర్ర గీత ఉండదు. ఆ ఖాళీలో పడిపోయిన మనిషే చెప్పాలి, లేదా ఆ మనిషి తరఫున ఇంకెవరైనా చెప్పాలి.

2025 నవంబర్ 21 నుంచి మన దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత కేంద్ర చట్టాలను కలిపి వీటిని తయారుచేశారు. వేతనాల కోడ్ 2019లో పాసైంది. పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత కోడ్ 2020లో పాసయ్యాయి. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో మా సీనియర్లు వీటి గురించి మాట్లాడుకునేది ఒక్కటే: బేసిక్ ఎంత చూపించాలి, పి.ఎఫ్. ఎంత పోతుంది, చేతికి ఎంత వస్తుంది. అది వాళ్ళకు అవసరమైన లెక్కే. నాకు మాత్రం ఇంకో ప్రశ్న వచ్చింది. ఇదే కోడ్ మా ఊరి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్తే ఏం అవుట్‌పుట్ ఇస్తుంది?

మాది వేటపాలెం. చీరాల పక్కనే. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. బయటివాళ్ళకు మా ఊరు మూడు విషయాలతో తెలుసు: 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం, జీడిపప్పు, చేనేత. వీటిలో చివరి రెండూ ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచేవే. అందుకే 'సమాన పనికి సమాన వేతనం' అనే మాటను పరీక్షించి చూడటానికి మా ఊరికంటే మంచి టెస్ట్ కేస్ నాకు దొరకలేదు.

చట్టం ఇచ్చిన మాట

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. స్త్రీ పురుషులిద్దరికీ సమాన పనికి సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39(డి) అధికరణ చెబుతుంది. పని పరిస్థితులు న్యాయంగా, మనిషిని మనిషిగా చూసేలా ఉండాలని, ప్రసూతి సమయంలో సాయం ఉండాలని 42వ అధికరణ చెబుతుంది. కానీ ఇవి ఆదేశిక సూత్రాలు. అంటే ప్రభుత్వం ఎటు నడవాలో చూపిస్తాయి తప్ప, వాటిని మాత్రమే పట్టుకుని కోర్టులో కూలి వసూలు చేసుకోలేం. దానికి విడిగా చట్టం కావాలి.

ఆ చట్టం రావడానికి చాలా కాలం పట్టింది. సమాన వేతనం మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో 100వ నంబరు ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని 1958లో ఆమోదించింది. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం కావడంతో ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చారు, 1976లో అది సమాన వేతన చట్టం అయింది. ప్రపంచం ముందు సంతకం పెట్టడానికీ ఇంట్లో చట్టం చేయడానికీ మధ్య దాదాపు 18 ఏళ్ళు.

ఆ చట్టం ఉత్తి కాగితం మాత్రం కాదు. మెకినాన్ మెకంజీ కంపెనీలో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసిన ఆడ్రీ డికోస్టా, మగ స్టెనోగ్రాఫర్లకంటే తనకు తక్కువ జీతం ఇచ్చారని కేసు వేశారు. 1987లో సుప్రీంకోర్టు ఆమెకే అనుకూలంగా తీర్పు ఇచ్చింది. యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం, ఇచ్చే స్తోమత లేదు అన్న సాకులు చెల్లవని చెప్పింది. ఇప్పుడు 1976 చట్టం వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. కొత్త కోడ్‌లో 'స్త్రీ, పురుషుడు' అనే బదులు జెండర్ అనే విస్తృతమైన మాట వాడారు. కనీస వేతనం కూడా కొన్ని ఎంపిక చేసిన పనులకే కాకుండా అన్ని ఉద్యోగాలకూ వర్తిస్తుందన్నారు. ఇవి మంచి మార్పులే.

మరి ఇబ్బంది ఎక్కడ? చట్టం లోపలికి వెళ్ళడానికి కొన్ని 'ఇఫ్'లు దాటాలి. అక్కడ.

మొదటి 'ఇఫ్': ఎంతమంది ఉన్నారు?

ప్రోగ్రామింగ్ తెలిసిన వాళ్ళకి ఈ భాగం సులువుగా అర్థమవుతుంది. శ్రామిక చట్టాల్లో చాలా భాగం తలల లెక్కతో మొదలవుతుంది.

• ఈ.ఎస్.ఐ. వైద్యం, ఇతర లాభాలు సాధారణంగా 10 మంది, ఆపైన పనిచేసే చోట.
• పి.ఎఫ్. 20 మంది, ఆపైన ఉన్న చోట.
• ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే 1948 చట్టం ప్రకారం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉండాలి. కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ అంకెల్ని 20కి, 40కి పెంచింది.
• పిల్లల్ని చూసుకునే క్రెష్ పాత ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి మించి ఆడవాళ్ళు ఉంటే పెట్టాలి. ఇప్పుడు మొత్తం ఉద్యోగులు 50 మంది ఉంటే పెట్టాలి.
• 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ 10 మంది ఉన్న చోట. అంతకంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళాలి.

క్రెష్ విషయంలో ఒక మంచి ఆలోచన కూడా ఉంది. ఆడవాళ్ళను మాత్రమే లెక్కపెడితే 'ఆడవాళ్ళను 30 దాటనివ్వకు' అని యజమాని జాగ్రత్తపడతాడు. అందరినీ లెక్కపెడితే పిల్లల పెంపకం ఆడవాళ్ళ ఒక్కరి బాధ్యత కాదని కూడా చెప్పినట్టు అవుతుంది. కానీ ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేసే షెడ్డుకు 30 అయినా 50 అయినా ఒకటే. రెండూ అందవు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ప్రసూతి విషయంలో చూడండి. నేను రేపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరితే, 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు నా హక్కు. మా వీధిలో చిన్న షెడ్డుకు వెళ్ళి పప్పు ఒలిచే పిన్నికి ఆ హక్కు లేదు. ఆమెకు ఉన్నది ప్రధానమంత్రి మాతృవందన యోజన. అది మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తుంది. నాకు నెలల తరబడి జీతం, ఆమెకు ఒకసారి సాయం. ఇద్దరం ఒకే వీధి ఆడవాళ్ళమే. ఆడా మగా మధ్య సమానత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళకీ ఆడవాళ్ళకీ మధ్య చట్టమే గీసిన ఈ గీతను మర్చిపోకూడదు.

రెండో 'ఇఫ్': ఎవరితో పోల్చాలి?

సమాన వేతనం నియమానికి తలల లెక్క అడ్డు లేదు. చిన్న షెడ్డుకు కూడా వర్తిస్తుంది. అయితే దానికి వేరే షరతు ఉంది. పోల్చడానికి పక్కన అదే పని, లేదా అలాంటి పని చేసే మగవాడు ఉండాలి.

జీడిపప్పు తయారయ్యే వరస చెప్తాను. గింజల్ని కాల్చడమో ఆవిరి పట్టడమో చేస్తారు. పెంకు పగలగొట్టి పప్పు బయటికి తీస్తారు. ఆ పెంకులో ఉండే జీడి నూనె చర్మానికి తగిలితే కాలిపోతుంది. తర్వాత పప్పును వేడిలో ఆరబెట్టి పైపొట్టు ఒలుస్తారు. చివరికి గుడ్డు, బద్ద, ముక్క అని వేరుచేసి, గుడ్లను సైజుల వారీగా ఏరతారు. మా ఊళ్ళో నేను చూసినంతలో బస్తాలు మోయడం, పొయ్యి దగ్గర పని, మిషన్ దగ్గర పని ఎక్కువగా మగవాళ్ళవి. ఒలవడం, ఏరడం ఆడవాళ్ళవి. మగవాళ్ళకు రోజు కూలి, ఆడవాళ్ళకు కిలో లెక్క.

ఇప్పుడు చట్టం వచ్చి 'ఇక్కడ ఒకే పనికి రెండు కూలీలు ఉన్నాయా?' అని అడిగితే, లేవు. ఒలిచే పనిలో మగవాడే లేడు. కంపేర్ చేయడానికి రెండో విలువ లేదు. కాబట్టి వివక్ష లేదు! ప్రోగ్రాం ఎర్రర్ ఇవ్వకుండానే తప్పు జవాబు ఇచ్చింది.

'అలాంటి పని' అంటే ఏమిటో వేతనాల కోడ్ చెబుతుంది: నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకేలా ఉండి, ఒకేలాంటి పరిస్థితుల్లో చేసే పని. 1976 చట్టంలో అనుభవం అనే మాట లేదు, ఇప్పుడు చేర్చారు. పిల్లల కోసం మధ్యలో పని మానేసి మళ్ళీ వచ్చే ఆడవాళ్ళకు ఆ ఒక్క మాట ఎంత నష్టం చేయగలదో ఆలోచించండి. అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నది వేరే పదం: 'సమాన విలువ గల పని'. అంటే పనులు వేరైనా వాటి విలువను తూచి చూడాలి. మన చట్టంలో పోలిక ఉంది, తూకం లేదు.

తూస్తే ఏమొస్తుందో ఒక చిన్న లెక్క వేద్దాం. వ్యాపారంలో డబ్ల్యూ 320 అనే రకం ఉంది. ఒక పౌనుకు 300 నుంచి 320 గుడ్లు తూగే సైజు అన్నమాట. కిలోకు దాదాపు 660 నుంచి 700 గుడ్లు. ఒకామె ఎనిమిది గంటల్లో అలాంటివి 10 కిలోలు ఒలిచింది అనుకుందాం. అంటే దాదాపు 7,000 గుడ్లు. ఎనిమిది గంటలకు 28,800 సెకన్లు. ఒక్కో గుడ్డుకు నాలుగు సెకన్లు! ఆ నాలుగు సెకన్లలో పొట్టు పూర్తిగా రావాలి, గుడ్డు బద్ద కాకూడదు. బద్ద అయితే ధర పడిపోతుంది. దీన్ని నైపుణ్యం లేని పని అనాలా?

'ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, ఆ పని వాళ్ళకు సహజంగా వచ్చేస్తుంది' అంటారు. నన్నడిగితే మోసమంతా ఆ 'సహజంగా' అనే మాటలోనే ఉంది. మగవాడు నేర్చుకుంటే నైపుణ్యం, ఆడది నేర్చుకుంటే స్వభావం. స్వభావానికి కూలి కట్టరు కదా.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. కేరళ జీడి ఫ్యాక్టరీల ఆడవాళ్ళ మీద స్వీడన్ చరిత్రకారిణి ఆనా లిండ్‌బర్గ్ ఒక పుస్తకమే రాశారు. అక్కడ యూనియన్లు బలంగా ఉన్నాయి, కనీస వేతనాలు ఉన్నాయి. అయినా కుటుంబాన్ని పోషించేది మగవాడే అనే లెక్కతో ఆడవాళ్ళ కూలిని కింద ఉంచడం ఎలా జరిగిందో ఆమె చూపించారు. ఇంగ్లండులో 1968లో డాగన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే ఆడవాళ్ళు సమ్మె చేశారు. వాళ్ళ పనిని తక్కువ నైపుణ్యం గ్రేడులో పెట్టడమే ఆ గొడవకు మూలం. ఆ సమ్మె తర్వాతే 1970లో అక్కడ సమాన వేతన చట్టం వచ్చింది. కానీ వాళ్ళు అడిగిన గ్రేడు మాత్రం ఇంకో సమ్మె చేసి 1984లో సాధించుకున్నారు. చట్టం రెండేళ్ళలో వచ్చింది, 'మీది నైపుణ్యమే' అన్న ఒప్పుకోలు రావడానికి 16 ఏళ్ళు పట్టింది.

మిర్చి సీజన్‌లో మన గుంటూరు, ప్రకాశం చేలల్లో కూడా ఇదే తీరు. కోత, తొడిమలు తీయడం ఆడకూలీ. మందు కొట్టడం, బస్తాలు ఎత్తడం మగకూలీ. పనికి పేరు పెట్టేటప్పుడే కూలి నిర్ణయమైపోతుంది. దీనికి భిన్నంగా 2005 ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనుల్లో ఆడా మగా ఒకే రేటు అని ముందే రాసిపెట్టారు. అక్కడ మట్టిని కొలిచారు, తవ్విన మనిషి ఆడా మగా అని చూడలేదు. కొలత సరిగ్గా పెడితే సమానత్వం సాధ్యమే అని దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడో 'ఇఫ్': అసలు ఆమె కార్మికురాలేనా?

ఇక మగ్గం సంగతికి వద్దాం. ఇక్కడ సమస్య ఇంకా లోతుగా ఉంది.

మగ్గం మీద నేసే మనిషి ఒకరే కనిపిస్తారు. కానీ నాడె ఆడాలంటే దానిలో కండె ఉండాలి. చిలపల నూలును రాట్నం మీద కండెలకు ఎక్కించాలి. పడుగు తయారుచేయాలి, గంజి పెట్టాలి, పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగులకు కలిపి అచ్చు అతకాలి. కండెలు అందకపోతే మగ్గం ఆగిపోతుంది. ఈ పనుల్లో చాలా భాగం ఇంట్లో ఆడవాళ్ళే చేస్తారు. మాస్టర్ వీవరు నూలు ఇస్తాడు, చీరలు తీసుకుంటాడు, మజూరీ లెక్క కడతాడు. ఆ మజూరీ చీరకు ఇంత అని ఉంటుంది. పుస్తకంలో ఒక్క పేరే ఉంటుంది. అది నేసే మనిషి పేరు.

ఈ వ్యాసం కోసం మా నాయనమ్మను అడిగాను, "నాయనమ్మా, నువ్వు ఎన్నేళ్ళు పని చేశావు?" అని.

"నేనేం పని చేశానే! మీ తాతయ్య నేసేవాడు. నేను ఇంట్లోనే ఉండేదాన్ని."

"మరి కండెలు ఎవరు చుట్టారు?"

"నేనే. ఇంకెవరు చుడతారు?"

ఆవిడ పదహారో ఏట కాపురానికి వచ్చింది. కళ్ళు కనిపించినంత కాలం రాట్నం వదల్లేదు. తెల్లవారి వంట కాకముందు కొన్ని కండెలు, పిల్లలు బడికెళ్ళాక ఇంకొన్ని. తాతయ్యకు చేనేత పింఛను వచ్చింది. ఆయన పోయాక ఆవిడకు వితంతు పింఛను వస్తోంది. డబ్బు వస్తోంది, ఆవిడకు ఫిర్యాదేమీ లేదు. కానీ కాగితం చూడండి. ఆయనకు చేసిన పని పేరు మీద వచ్చింది, ఆవిడకు పోయిన మొగుడి పేరు మీద వచ్చింది. డేటాబేస్‌లో ఆవిడ వృత్తి అనే కాలమ్ 'నల్'. నల్ అంటే సున్నా కాదు. విలువ నమోదు కాలేదు అని అర్థం. ఈ తేడా మా క్లాసులో మొదటి వారమే చెప్తారు.

సమాన వేతనం అడగాలంటే ముందు వేతనం ఉండాలి. వేతనం ఉండాలంటే యజమాని ఉండాలి. నాయనమ్మకు యజమాని ఎవరు? తాతయ్యా? నూలు ఇచ్చిన మాస్టర్ వీవరా? చట్టానికి ఇద్దరిలో ఎవరూ కనబడరు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలాబెన్ భట్ 'సేవ' సంఘాన్ని యూనియన్‌గా రిజిస్టర్ చేయించడానికి వెళ్తే కార్మిక శాఖ నుంచి ఇదే అభ్యంతరం వచ్చింది: మీకు యజమానే లేడు, ఎవరి మీద పోరాడతారు? యూనియన్ అంటే ఎవరి మీదో పోరాడటానికే కాదు, పనిచేసేవాళ్ళు ఒక్కటిగా ఉండటానికి కూడా అని వాదించి రిజిస్ట్రేషన్ సాధించారు. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ నంబరు ఒప్పందం చేయడం వెనక 'సేవ' కృషి చాలా ఉంది. ఆ ఒప్పందాన్ని భారతదేశం ఇంకా ఆమోదించలేదు.

లెక్కల్లో మాత్రం ఈ ఆడవాళ్ళు కనిపిస్తారు. 2019–20 చేనేత గణన నేతగాళ్ళను, అనుబంధ పనులు చేసేవాళ్ళను కలిపి దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు మందిని లెక్కించింది. వాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆడవాళ్ళే మగ్గం మీద కూర్చుంటారు కాబట్టి ఆ శాతం పెరిగిన మాట నిజం. అయినా గణనలో లెక్కకు వచ్చిన మనిషి మజూరీ పుస్తకంలో ఎందుకు రాలేదు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

గడప దాటిన చట్టాలు

'ఇంట్లో జరిగే పనికి చట్టం ఎలా పెడతారు, అది కుదిరే పనేనా?' అని ఎవరైనా అడగవచ్చు. కుదురుతుంది. మన దేశంలోనే కుదిరింది.

1966 బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఉండేది. యజమానో కాంట్రాక్టరో ఆకూ తంబాకూ ఇస్తే ఇంటి దగ్గర బీడీలు చుట్టే మనిషి కూడా ఉద్యోగే అని దాని నిర్వచనంలోనే రాశారు. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్ళకూ పి.ఎఫ్. వర్తిస్తుందని తేల్చింది. నిజామాబాద్, కరీంనగర్ వైపు లక్షల మంది ఆడవాళ్ళ బతుకుతెరువు అది. వాళ్ళ కష్టాలు తీరిపోయాయని నేను అనడం లేదు. ఆకు తక్కువ ఇచ్చి లెక్క పూర్తిగా అడగడం, చుట్టినవాటిలో కొన్ని బాగాలేవని పక్కన పడేయడం వాళ్ళకు తెలిసిన కథలే. కానీ తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇస్తామన్నప్పుడు ఎవరు కార్మికులో తేల్చడానికి చేతిలో ఒక ఆధారం ఉంది: పి.ఎఫ్. రికార్డు. ఆ పింఛను మొగుడి పేరు మీద రాలేదు, ఆమె చుట్టిన బీడీల పేరు మీద వచ్చింది. చట్టంలో ఒక వాక్యం ఎంత పని చేస్తుందో చూశారా.

ఇంకో కేసు మన హైదరాబాద్ నుంచి వెళ్ళిందే. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, పీసుకు ఇంత అని కుట్టే దర్జీలు ఉద్యోగులా కాదా అన్న ప్రశ్న 1973లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కుట్టింది నచ్చకపోతే తిప్పి పంపి మళ్ళీ కుట్టించే అధికారం షాపు యజమానికి ఉంది, అది అదుపే కదా, కాబట్టి వాళ్ళు ఉద్యోగులే అని కోర్టు చెప్పింది. పీసు రేటు అనేది కూలి లెక్కగట్టే పద్ధతి మాత్రమే, ఆ పద్ధతి వల్ల మనిషి కార్మికుడు కాకుండా పోడు. 'ఈ పప్పు బద్దలైంది, దీనికి కట్' అని చెప్పే అధికారం ఉన్న చోట కూడా ఇదే తర్కం నడవాలి కదా అని నాకు అనిపిస్తుంది.

కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఇంటి నుంచి పనిచేసేవారికి ఒక నిర్వచనం ఉంది. యజమాని కోసం తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో డబ్బు తీసుకుని వస్తువులు తయారుచేసే మనిషి, పనిముట్లు ఎవరివైనా సరే. నిర్వచనం బాగుంది. అయితే దానివల్ల వచ్చేది పేరు నమోదు, పథకాలు. కూలి రేటు రాదు. బీడీ చట్టం 'నువ్వు ఉద్యోగివి' అంది, ఇది 'నువ్వు లబ్ధిదారువి' అంటోంది. ఆ రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది.

ఎదురు వాదన

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. చేనేత ఇప్పటికే కష్టాల్లో ఉంది. మరమగ్గం చీరతో ధరలో పోటీ పడలేకపోతోంది. మాస్టర్ వీవర్లందరూ కోటీశ్వరులు కారు. జీడిపప్పు యూనిట్లలోనూ చాలావరకు అప్పు మీద నడిచేవే. చట్టం గట్టిగా పట్టుకుంటే యూనిట్ మూతపడుతుంది, అప్పుడు ఉన్న కూలీ పోతుంది. రక్షణ పేరుతో పెట్టిన నియమాలు ఆడవాళ్ళకే ఎదురు తిరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనిలో పెట్టకూడదంది. దూది ఏకే యంత్రం నడిచే చోట 'స్త్రీలు, పిల్లలు' ఉండకూడదంది. ప్రమాదం మగవాడికీ ప్రమాదమే. యంత్రానికి అడ్డుగోడ కట్టకుండా ఆడవాళ్ళను బయటికి పంపితే, ప్రమాదం అక్కడే ఉంటుంది, ఆమె కూలి మాత్రం పోతుంది. కొత్త కోడ్ ఆమె సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో రాత్రి పనికి అనుమతించింది. అయితే కూలి కోసం ఎదురుచూసే మనిషి 'వద్దు' అనగలిగితేనే ఆ సమ్మతికి అర్థం.

అందుకే రేపటినుంచి కూలి రెట్టింపు చేయాలని నేను అడగడం లేదు. మొదటి అడుగు ఖర్చు లేనిది. పుస్తకంలో ఒక వరస పెంచడం. చీర మజూరీ ఒక మొత్తంగా రాసే చోట రెండు వరసలు రాయాలి: నేతకు ఇంత, కండెలు, పడుగు, అచ్చు పనికి ఇంత. ఎదురుగా రెండు పేర్లు. మొత్తం అదే. కానీ ఆ రెండో పేరు పది సంవత్సరాలు ఉంటే అది ఆధారం అవుతుంది. బ్యాంకు అప్పుకు, సహకార సంఘం సభ్యత్వానికి, చేనేత పింఛనుకు అది పనికొస్తుంది. జీడిపప్పు షెడ్డులో కూడా ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు ఒలిచారో చెప్పే చిన్న పుస్తకం ఒకటి ఆమె దగ్గరే ఉండాలి. కిలో రేటు మీద పనిచేసినా కనీస వేతనం కంటే తగ్గకూడదని చట్టంలో ఉంది. కానీ తగ్గిందో లేదో చూడాలంటే గంటలూ కిలోలూ రెండూ రాసి ఉండాలి కదా. రాయకపోతే ఆ హక్కును లెక్కగట్టే దారే లేదు.

మనం చేయగలిగింది

మన క్లబ్బులో సగం మంది ఇళ్ళల్లో ఇలాంటి పని జరుగుతూ ఉంటుంది. కొందరికి మగ్గం, కొందరికి మిర్చి, కొందరికి మిషన్ కుట్టు. మూడు పనులు సూచిస్తాను.

ఒకటి. 2021 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో మీ ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అర్హత చూసి నమోదు చేయించండి. అక్కడ వృత్తి అడుగుతుంది. 'ఏముంది, ఇంట్లోనే ఉంటాను' అని వాళ్ళు చెప్తే అక్కడితో వదిలేయకండి. రోజంతా ఏం చేస్తారో అడిగి, ఆ పని పేరు ఎక్కించండి.

రెండు. ఒక వారం పాటు గంటల లెక్క రాయండి. ఎన్ని కండెలు, ఎన్ని కిలోలు, ఎంత డబ్బు. మనకు ఎక్సెల్ వచ్చు. గంటకు ఎంత పడిందో తేలితే దాన్ని కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. ఆ అంకెను వాళ్ళకే ముందు చూపించండి, తర్వాతే ఇంకెవరికైనా.

మూడు. మనలో చాలామంది రేపు ఏదో ఒక ప్రభుత్వ సైటుకో, బ్యాంకు ఆప్‌కో ఫారాలు తయారుచేస్తాం. వృత్తి అనే డ్రాప్‌డౌన్‌లో ఏ మాటలు పెట్టాలో అప్పుడు మన చేతిలో ఉంటుంది. 'నేత కార్మికుడు' ఉండి 'కండెలు చుట్టే కార్మికురాలు' లేకపోతే ఆమె మళ్ళీ 'ఇతరములు'లోకి వెళ్తుంది. చట్టసభలో నిర్వచనం రాసేవాళ్ళు కొద్దిమందే. కానీ ఫారంలో కాలమ్‌లు రాసేవాళ్ళం మాత్రం ప్రతి బ్యాచిలో అరవై మందిమి బయటికి వస్తున్నాం.